తలుపు లేని దర్వాజా: టూ-స్ట్రోక్ సైలెన్సర్ చరిత్ర

లాల్‌దర్వాజా నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు ఎపిసోడ్ ఒక ప్రశ్నతో షురూ చేద్దాం. పాతబస్తీలో పాత ఆర్‌ఎక్స్ 100 ఉన్న ప్రతి గల్లీలో వినబడే ప్రశ్నే ఇది. "సైలెన్సర్ లోపలి గొట్టం పీకేస్తే బండికి పవర్ పెరుగుతుందా?"

చిన్న జవాబు ముందే చెప్పేస్తా. సౌండ్ పెరుగుతుంది. పవర్ మాత్రం చాలాసార్లు తగ్గుతుంది. ఇంజన్‌కి హాని కూడా జరగొచ్చు.

ఎందుకు తగ్గుతుంది అన్నదే అసలు కథ. ఆ కథలో ఇంగ్లండ్‌లోని ఒక చిన్న ఊరుంది, అమెరికాలో ఒక సరస్సు ఉంది, తూర్పు జర్మనీలో ఒక పేద రేసింగ్ వర్క్‌షాప్ ఉంది, దేశం దాటి పారిపోయిన ఒక రేసర్ ఉన్నాడు. చివరికి అది జపాన్ మీదుగా మన గల్లీలోకి వస్తుంది. పడవ వెనక తగిలించే మోటారు దగ్గరికి కూడా వెళ్తుంది. కొంచెం ఓపికగా వినండి.

దర్వాజా ఉంది, తలుపు లేదు

మా ఏరియా పేరులో దర్వాజా ఉంది. ఇప్పుడు గేటు లేదు, పేరు మిగిలింది. వచ్చేవాళ్లు వస్తారు, పోయేవాళ్లు పోతారు, మూసేవాళ్లు లేరు.

టూ-స్ట్రోక్ ఇంజన్ కూడా ఇలాంటిదే. మీ ఇంట్లో ఇప్పుడున్న బండి బహుశా ఫోర్-స్ట్రోక్. దానికి వాల్వులు ఉంటాయి. వాల్వ్ అంటే తలుపు అనుకోండి. గాలి, పెట్రోల్ లోపలికి రావడానికి ఒక తలుపు, కాలిన పొగ బయటికి పోవడానికి ఇంకో తలుపు. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో క్యామ్ షాఫ్ట్ చూసుకుంటుంది.

మామూలు టూ-స్ట్రోక్ బండిలో ఆ తలుపులు లేవు. సిలిండర్ గోడకే కిటికీల్లాంటి రంధ్రాలు ఉంటాయి. వీటిని పోర్టులు అంటారు. పిస్టన్ కిందికి దిగితే అవి తెరుచుకుంటాయి, పైకి వస్తే మూసుకుంటాయి. అంతే. పిస్టనే తలుపు, పిస్టనే కాపలాదారు.

దీనివల్ల లాభం ఏంటంటే, ఇంజన్ తేలిక, చవక, రిపేరు సులువు. ఫోర్-స్ట్రోక్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి పేలుడు. ఇందులో ప్రతి చుట్టుకీ ఒక పేలుడు.

నష్టం కూడా అక్కడే ఉంది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు ముందు ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకుంటుంది, తర్వాత కొత్త పెట్రోల్-గాలి వచ్చే పోర్టులు. పైకి వచ్చేటప్పుడు ఇదే వరస తిరగబడుతుంది. కొత్త సరుకు వచ్చే పోర్టులు ముందు మూసుకుంటాయి, ఎగ్జాస్ట్ చివర్లో మూసుకుంటుంది. ఈ మధ్య గ్యాప్‌లో ఏమవుతుంది? లోపలికి వచ్చిన కొత్త పెట్రోల్ కాలకముందే ఎగ్జాస్ట్ దారిలో బయటికి జారుకుంటుంది. మామూలు పైపు పెడితే పావు వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే అలా పోతుంది. మీరు బంకులో డబ్బులు కట్టి పోయించుకున్న పెట్రోల్ అది.

కాబట్టి టూ-స్ట్రోక్ చరిత్ర అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. తలుపు లేని దర్వాజాని మూయడం ఎలా?

బాత్ నుంచి మిల్వాకీ దాకా

ఈ సాదా సీదా టూ-స్ట్రోక్‌కి మూలం ఇంగ్లండ్‌లోని బాత్ నగరం. 1891లో జోసెఫ్ డే అనే ఇంజనీర్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. పిస్టన్ కింద ఉన్న క్రాంక్ కేసునే పంపులాగా వాడుకోవచ్చు అన్నది ఆయన ఆలోచన. మరుసటి ఏడాదే ఆయన దగ్గర పనిచేసే ఫ్రెడరిక్ కాక్ దాన్ని ఇంకా సులభం చేశాడు. వాల్వులు అసలే లేకుండా మూడు పోర్టులతో నడిచే ఇంజన్ అలా తయారైంది. మన పాత స్కూటర్లు, మోపెడ్లు, ఆటోల టూ-స్ట్రోక్ ఇంజన్లన్నీ ఆ వంశంలోవే.

తేలికైన ఇంజన్ కాబట్టి దీన్ని తొందరగా పట్టుకున్నది పడవలవాళ్లు. అమెరికాలోని మిల్వాకీలో ఓలె ఎవిన్‌రూడ్ అనే ఆయన ఉండేవాడు. నార్వేలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చిన కుటుంబం. ఎండాకాలంలో ఒక రోజు సరస్సు అవతలి ఒడ్డు నుంచి ఐస్‌క్రీమ్ తేవడానికి తెడ్డు వేసుకుంటూ వెళ్లాడని, తిరిగొచ్చేసరికి అది కరిగిపోయిందని, అప్పుడే పడవకి మోటారు తగిలించాలన్న ఆలోచన వచ్చిందని కథ చెబుతారు. ఐస్‌క్రీమ్ సంగతి ఎలా ఉన్నా, 1909లో ఆయన అమ్మడం మొదలుపెట్టిన మోటారు మాత్రం నిజం. ఒకటిన్నర హార్స్‌పవర్, 62 పౌండ్ల బరువు, అంటే సుమారు 28 కిలోలు. ఒక మనిషి భుజాన వేసుకుని మోయగలడు.

పడవ వెనక చెక్కకి బయటి నుంచి బిగించే మోటారు కాబట్టి దీన్ని ఔట్‌బోర్డ్ అన్నారు. ఆ రోజుల్లో ఎగ్జాస్ట్ అంటే పొగ బయటికి పంపే గొట్టం, అంతే. ఆ గొట్టం పొడవుకీ ఇంజన్ బలానికీ సంబంధం ఉందని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

శబ్దం వెనక్కి వస్తుంది

ఇప్పుడు కొంచెం సైన్సు. భయపడకండి, జాతరతో పోల్చి చెప్తా.

మా లాల్‌దర్వాజా బోనాలు మీరు చూసే ఉంటారు. చూడకపోతే ఫోన్‌లో అయినా చూడండి. సన్నటి గల్లీలో జనం కిక్కిరిసి కదులుతుంటారు. ఆ గల్లీ ఒక్కసారిగా వెడల్పైన రోడ్డులోకి తెరుచుకుందనుకోండి. ముందున్నవాళ్లు చకచకా విడిపోతారు. వాళ్ల వెనక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి గల్లీలో ఉన్నవాళ్లు లాక్కున్నట్టు బయటికి వస్తారు. మనుషులు ముందుకే వెళ్తున్నారు, కానీ "ఖాళీ" అన్న కబురు వెనక్కి వెళ్తోంది.

ఇంకొంచెం దూరం పోయాక రోడ్డు మళ్లీ సన్నబడింది, పైగా పోతరాజు కొరడా ఝళిపిస్తూ ఎదురొచ్చాడనుకోండి. ముందున్నవాళ్లు ఆగుతారు, వాళ్ల వెనకవాళ్లు ఆగుతారు, ఆ ఒత్తిడి వరసగా వెనక్కి పాకుతుంది. గల్లీ మొదట్లో అప్పుడే కాలు బయటపెట్టినవాడు మళ్లీ లోపలికి నెట్టబడతాడు.

టూ-స్ట్రోక్ పైపులో అచ్చంగా ఈ రెండూ జరుగుతాయి. ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకోగానే ఒక గట్టి ఒత్తిడి అల పైపులోకి దూకుతుంది. మనకి వినబడే "టప్" అన్న శబ్దం అదే. ఆ అల వెడల్పయ్యే గొట్టంలోకి, అంటే బాకా ఆకారంలో ఉన్న భాగంలోకి వెళ్తే, దాని నుంచి ఒక పీల్చుకునే అల వెనక్కి వస్తుంది. అది సిలిండర్‌లో మిగిలిన పొగని లాగేస్తుంది. కొత్త పెట్రోల్-గాలి తొందరగా పైకి రావడానికి సాయపడుతుంది. ఆ ఊపులో కొంత కొత్త సరుకు పైపు మొదట్లోకి కూడా వచ్చేస్తుంది.

తర్వాత అల ముందుకెళ్లి, సన్నబడే భాగానికి తగులుతుంది. అక్కడి నుంచి నెట్టే అల వెనక్కి వస్తుంది. అది ఎగ్జాస్ట్ పోర్టు మూసుకోడానికి సరిగ్గా ముందు చేరితే, పైపులోకి జారిన కొత్త సరుకుని మళ్లీ సిలిండర్‌లోకి తోసేస్తుంది. అదే క్షణంలో పిస్టన్ వచ్చి పోర్టు మూసేస్తుంది.

తలుపు లేని దర్వాజాకి శబ్దమే తలుపు అయ్యింది! కదిలే భాగం ఒక్కటీ లేదు. ఉత్త రేకు గొట్టం. కానీ దాని ఆకారం సరిగ్గా ఉంటే వాల్వ్ చేసే పని చేస్తుంది, పైగా సిలిండర్‌లో మామూలుగా పట్టేదానికంటే ఎక్కువ సరుకు కుక్కుతుంది. ఈ గొట్టాన్నే ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ అంటారు.

చివర్లో ఒక సన్న గొట్టం ఉంటుంది. పొగ అందులోంచి మెల్లగా బయటికి పోతుంది. దాని పని ఛాంబర్‌లో తగినంత ఒత్తిడి నిలపడం. అది మరీ సన్నగా ఉంటే వేడి బయటికి పోక పిస్టన్ పట్టేస్తుంది. మరీ వెడల్పైతే ఒత్తిడి నిలవదు, తోసే అల బలహీనమవుతుంది. మన పోరగాళ్లు పీకేసే గొట్టం సరిగ్గా ఇదే.

చోపావ్‌లో ఒక వర్క్‌షాప్

దీన్ని శాస్త్రంగా మార్చిన మనిషి పేరు వాల్టర్ కాడెన్. 1919లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో పుట్టాడు. అక్కడికి దగ్గర్లోనే చోపావ్ అనే ఊరుంది. ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద మోటార్‌సైకిల్ కంపెనీల్లో ఒకటైన డీకేడబ్ల్యూ ఫ్యాక్టరీ అక్కడిదే. వాళ్లవి టూ-స్ట్రోక్ బండ్లే.

రెండో ప్రపంచ యుద్ధంలో కాడెన్ హెన్‌షెల్ కంపెనీలో పనిచేశాడు. రాకెట్‌తో ఎగిరే బాంబుల పని. యుద్ధం అయిపోయాక దేశం రెండు ముక్కలైంది. చోపావ్ తూర్పు జర్మనీలో పడింది. కాడెన్ కొన్నాళ్లు ఇళ్ల పైకప్పులకి కలప దూలాలు చేసి అమ్మాడు. ఖాళీ టైంలో సొంతంగా రేసు బండి తయారు చేసుకునేవాడు. అది చూసి 1953లో ఫ్యాక్టరీవాళ్లు రేసింగ్ విభాగం అప్పగించారు. ఆ ఫ్యాక్టరీకే తర్వాత ఎంజెడ్ అని పేరు వచ్చింది.

ఒక న్యాయమైన మాట చెప్పాలి. వెడల్పై సన్నబడే పైపు కాడెన్ ఒక్కడి ఆలోచన కాదు. 1951 ప్రాంతంలో పశ్చిమ జర్మనీ డీకేడబ్ల్యూలో ఎరిక్ వోల్ఫ్ అలాంటి పైపుని రేసు బండికి వాడాడు. కాడెన్ చేసింది ఏంటంటే, ఊహ మీద వదిలేయలేదు. ఆసిలోస్కోప్ పెట్టి పైపులో అలలు ఎలా వెళ్తున్నాయో, ఎప్పుడు తిరిగొస్తున్నాయో చూశాడు. పైపు కోసి, మళ్లీ అతికించి, మళ్లీ కొలిచాడు. దానికి తోడు పెట్రోల్ లోపలికి వచ్చే దారిలో తిరిగే పలచటి డిస్క్ వాల్వ్ పెట్టాడు. అది డేనియల్ జిమ్మర్‌మాన్ అనే రేసర్ తన సొంత బండిలో చేసుకున్న ఏర్పాటు.

డబ్బు తక్కువ, మంచి లోహం దొరకదు, మంచి స్పార్క్ ప్లగ్గులు దొరకవు. అలాంటి చోట 1961 నాటికి 125 సీసీ ఇంజన్ నుంచి 10,800 ఆర్‌పీఎం దగ్గర 25 హార్స్‌పవర్ లాగాడు. లెక్క వేసుకోండి. లీటరుకి 200 హార్స్‌పవర్. టర్బో, సూపర్‌ఛార్జర్ లాంటివి లేకుండా ఆ గీత దాటిన మొదటి ఇంజన్‌గా దాన్ని చెబుతారు. ఈ రోజు షోరూంలో ఉన్న 125 సీసీ బండి బ్రోచర్ తీసి చూడండి. మామూలు వాటిల్లో 11, 12 హార్స్‌పవర్ ఉంటుంది. అరవై ఏళ్ల కింద దానికి రెట్టింపు.

1961 సెప్టెంబర్

కాడెన్ దగ్గర ఎర్నెస్ట్ డెగ్నర్ అనే రేసర్ ఉండేవాడు. బండి నడపడమే కాదు, ఇంజన్ కూడా లోతుగా తెలిసినవాడు. 1961లో 125 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ముందున్నాడు. ఎదురుగా హోండా. అప్పటిదాకా ఏ టూ-స్ట్రోక్ బండీ ప్రపంచ టైటిల్ గెలవలేదు.

అదే ఏడాది ఆగస్టు 13న బెర్లిన్ గోడ కట్టడం మొదలైంది. తూర్పు జర్మనీ వాళ్లు బయటికి వెళ్లే దారి మూసుకుపోయింది. రేసర్లకి మాత్రం పోటీల కోసం బయటికి వెళ్లే అనుమతి ఉండేది, కానీ భార్యా పిల్లలు ఇంట్లోనే ఉండాలి. వాళ్లు ఉంటే రేసర్ తిరిగొస్తాడు కదా, అదీ లెక్క.

సెప్టెంబర్ 17న స్వీడన్‌లోని క్రిస్టియన్‌స్టాడ్‌లో రేసు. గెలిస్తే టైటిల్ చేతిలో ఉన్నట్టే. మధ్యలో ఇంజన్ చెడిపోయింది. ఆ రోజు డెగ్నర్ మళ్లీ జట్టు దగ్గరికి తిరిగి వెళ్లలేదు. అదే వారాంతంలో ఆయన భార్యనీ, ఇద్దరు పిల్లలనీ కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించారు. పిల్లలు ఏడవకుండా నిద్రమందు ఇచ్చారని చెబుతారు. ఆ టైటిల్ చివరికి హోండా రేసర్ టామ్ ఫిలిస్‌కి వెళ్లింది.

డెగ్నర్ నేరుగా జపాన్‌లోని సుజుకీతో చేతులు కలిపాడు. సుజుకీ అప్పటికి రేసుల్లో దెబ్బతింటున్న కంపెనీ. మరుసటి ఏడాది, 1962లో, డెగ్నర్ సుజుకీ మీద 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. టూ-స్ట్రోక్‌కి అదే మొదటి ప్రపంచ టైటిల్. జపాన్‌లోని సుజుకా ట్రాక్‌లో ఒక మలుపుకి ఇప్పటికీ డెగ్నర్ పేరే ఉంది, అక్కడ ఆయన పడిపోయాడు కాబట్టి. 1963లో అదే సుజుకాలో బండి అంటుకుని బాగా కాలిపోయాడు. 1983లో చనిపోయాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. డెగ్నర్ దొంగా? స్వేచ్ఛ కోసం పారిపోయిన తండ్రా? మూసేసిన దేశం నుంచి పెళ్లాం పిల్లల్ని బయటపడేసిన మనిషిని తప్పుపట్టడం కష్టం. కానీ కాడెన్ వైపు నుంచి చూడండి. పదేళ్ల కష్టం ఇంకొకరి పేరు మీద గెలిచింది. ఆయన తూర్పు జర్మనీలోనే ఉండిపోయాడు. తక్కువ డబ్బుతో అదే పని కొనసాగించాడు. 1996లో చనిపోయాడు. ఆయన నేర్పిన గొట్టం మాత్రం ప్రపంచమంతా తిరిగింది. 1964లో యమహా 250 సీసీ టైటిల్ గెలిచింది. 1975 నుంచి 2001 దాకా 500 సీసీ టైటిల్ ప్రతి ఏడాదీ టూ-స్ట్రోక్‌దే.

హోసూరు మీదుగా మన గల్లీకి

మన దగ్గర టూ-స్ట్రోక్ అప్పటికే ఉంది. పోలండ్ డిజైన్‌తో రాజ్‌దూత్, చెక్ డిజైన్‌తో మైసూరులో తయారైన జావా, తర్వాత యెజ్డీ. మన హైదరాబాద్‌లోనే తయారైన ఆల్విన్ పుష్పక్ స్కూటర్ కూడా టూ-స్ట్రోకే. మీ తాతల ఫోటోల్లో కనబడొచ్చు.

1980ల్లో జపాన్ కంపెనీలు వరస కట్టాయి. 1983లో ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్ 350 వచ్చింది. అది యమహా ఆర్‌డీ 350. 1984లో హోసూరు నుంచి ఇండ్-సుజుకీ వచ్చింది. డెగ్నర్‌ని తీసుకెళ్లిన సుజుకీయే, ఇరవై మూడేళ్లకి టూ-స్ట్రోక్ తీసుకుని మన పక్కనే దిగింది. 1985 నవంబర్‌లో యమహా ఆర్‌ఎక్స్ 100.

ఆర్‌ఎక్స్ 100 లెక్క చూడండి. 98 సీసీ, 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. అదే ఏడాది వచ్చిన ఫోర్-స్ట్రోక్ హీరో హోండా సీడీ 100కి దాదాపు అంతే సీసీ, కానీ ఏడు, ఏడున్నర హార్స్‌పవర్. మైలేజీలో హీరో హోండా గెలిచింది, పికప్‌లో యమహా గెలిచింది. బయటికి ఆర్‌ఎక్స్ సైలెన్సర్ మామూలు క్రోమ్ గొట్టంలా కనబడుతుంది. లోపల మాత్రం కాడెన్ లెక్కే. వెడల్పయ్యే భాగం, సన్నబడే భాగం, చివర సన్న గొట్టం.

పైపు ఎంత ముఖ్యమో రాజ్‌దూత్ 350 ఇంకా బాగా చెబుతుంది. జపాన్ ఆర్‌డీ 350 సుమారు 39 హార్స్‌పవర్ ఇచ్చేది. ఇక్కడి బండిని 30.5కి తగ్గించారు. తర్వాత మైలేజీ కోసం 27 హార్స్‌పవర్ మోడల్ వచ్చింది. పాత బండ్లవాళ్లు వీటిని హెచ్‌టీ, ఎల్‌టీ అంటారు. అవే రెండు సిలిండర్లు, అదే 347 సీసీ. పవర్ తగ్గించడానికి ఇంజనీర్లు చెయ్యి పెట్టిన చోట్లలో ఎగ్జాస్ట్ ఒకటి.

పైపు పొడవు ఎంత ఉండాలి

ఇప్పుడు మీరే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి చెయ్యగల లెక్క.

7,500 ఆర్‌పీఎం అంటే సెకనుకి 125 చుట్లు. ఒక చుట్టుకి 8 మిల్లీ సెకన్లు. ఎగ్జాస్ట్ పోర్టు సుమారు సగం చుట్టు తెరిచి ఉంటుందనుకుందాం. అంటే 4 మిల్లీ సెకన్లు. మామూలు గాలిలో శబ్దం సెకనుకి 340 మీటర్ల చొప్పున వెళ్తుంది. వేడి పొగలో ఇంకా వేగంగా, సుమారు 500 మీటర్లు అనుకోండి. 4 మిల్లీ సెకన్లలో అల 2 మీటర్లు తిరుగుతుంది. పోవడానికి ఒక మీటరు, రావడానికి ఒక మీటరు. కాబట్టి పోర్టు నుంచి సన్నబడే భాగం మధ్యదాకా పొడవు దాదాపు ఒక మీటరు ఉండాలి.

కాడెన్ ఇంజన్ 10,800కి ఇదే లెక్క వేస్తే 70 సెంటీమీటర్లు వస్తుంది. 5,500 దగ్గర తిరిగే పడవ మోటారుకి దాదాపు 1.36 మీటర్లు. అంటే ఎక్కువ ఆర్‌పీఎంకి పొట్టి పైపు, తక్కువ ఆర్‌పీఎంకి పొడుగు పైపు.

అల టైమింగ్ ఒకే వేగం దగ్గర బాగా కుదురుతుంది. అందుకే ఆర్‌ఎక్స్ మీద కింది గేరులో మామూలుగా పోతూ పోతూ ఒక చోట ఒక్కసారిగా గుంజుతుంది కదా, ఆ చోటే పైపూ ఇంజనూ తాళం కలిసిన చోటు. దాన్ని పవర్‌బ్యాండ్ అంటారు. ట్రాఫిక్‌లో నడిపే బండికి రేసు పైపు పెడితే ఆ చోటు ఎక్కడో పైకి పోతుంది. చార్మినార్ దగ్గర జనంలో అది మీకు ఎప్పుడూ అందదు.

పడవ మోటారు చిక్కు

పడవ మోటారుకి ఇందులో ఒక అనుకూలం, రెండు చిక్కులు ఉన్నాయి.

అనుకూలం ఏంటంటే, పడవకి గేర్లు మార్చే పని లేదు, ట్రాఫిక్ లేదు. ఫుల్ థ్రాటిల్‌లో చాలా ఔట్‌బోర్డులు 5,000 నుంచి 6,000 ఆర్‌పీఎం మధ్యలోనే తిరుగుతాయి. ఒకే వేగం దగ్గర పనిచేసే పైపుకి ఇంతకంటే మంచి చోటు ఉండదు.

మొదటి చిక్కు జాగా. మీటరున్నర పైపుని ఎక్కడ పెడతారు? మోటారు కాలు లోపలే, నీళ్ల వైపు దిగే సన్నటి భాగంలోనే ఎగ్జాస్ట్ ఇమడాలి. చాలా వాటిల్లో పొగ నీళ్ల కింద ఫ్యాన్ మధ్యలోంచి బయటికి పోతుంది. అందుకే ఇంజనీర్లు ఇంకో ఉపాయం చేశారు. మూడు సిలిండర్ల ఇంజన్‌లో పేలుళ్లు 120 డిగ్రీల తేడాతో వస్తాయి. ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ మూసుకోబోయే టైంకి పక్క సిలిండర్ ఎగ్జాస్ట్ తెరుచుకుని ఉంటుంది. దాని ఒత్తిడి అల పొట్టి దారిలో వచ్చి, మొదటి సిలిండర్ నుంచి జారుతున్న కొత్త సరుకుని లోపలికి తోస్తుంది. పొడుగు పైపు అక్కర్లేదు. పక్కింటివాడే వచ్చి మన తలుపు వేసిపోతున్నాడు!

రెండో చిక్కు నీళ్లు. ఔట్‌బోర్డులో ఇంజన్‌ని చల్లబరిచిన నీళ్లు ఎగ్జాస్ట్‌లోనే కలుస్తాయి. నీళ్లు తగిలితే పొగ చల్లబడుతుంది. చల్లటి పొగలో శబ్దం మెల్లగా వెళ్తుంది. అంటే పైపు పొడవు మారకపోయినా అల టైమింగ్ మారిపోతుంది. అందుకే నీళ్లు ఎక్కడ కలపాలన్నది కూడా డిజైన్‌లో భాగం. ఎవరైనా లోపల గోడలు కోసి, రంధ్రాలు పెద్దవి చేసి "పవర్ పెంచా" అంటే, చాలాసార్లు ఈ లెక్కని చెడగొట్టినట్టే.

ఇది మనకెందుకు అంటారా? 2020 అక్టోబర్ వరదల్లో పాతబస్తీ కాలనీల్లోనే పడవల మీద జనాన్ని బయటికి తెచ్చారు. కోస్తా జిల్లాల్లో మోటారు పడవల మీద బతికే కుటుంబాలు ఎన్నో. సముద్రంలో పిస్టన్ పట్టేస్తే పక్కకి ఆపి మెకానిక్‌ని పిలిచే వీలు ఉండదు.

ఉస్తాద్‌లకి ముందే తెలుసు

మన మెకానిక్ ఉస్తాద్‌లు ఎవరూ ఆసిలోస్కోప్ చూడలేదు. కానీ పైపు సంగతి వాళ్లకి తెలుసు. టూ-స్ట్రోక్‌లో పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా కాలుతుంది. ఆ మసి సైలెన్సర్ లోపల గట్టిగా పేరుకుంటుంది. సన్న గొట్టం ఇంకా సన్నబడుతుంది. బండి గుంజదు, వేడెక్కుతుంది. అప్పుడు ఉస్తాద్ సైలెన్సర్ విప్పి, నిప్పుల్లో కాల్చి, కార్బన్ దులిపి మళ్లీ బిగించేవాడు. బండి కొత్తదానిలా పరిగెత్తేది. కొత్త పవర్ ఏమీ రాలేదు. ఇంజనీర్ వేసిన పాత లెక్కే తిరిగొచ్చింది.

సన్న గొట్టం పీకేయడం దీనికి పూర్తిగా ఎదురు. మసి తీసేవాడు లెక్కని సరిచేస్తున్నాడు. గొట్టం పీకేవాడు లెక్కనే తీసేస్తున్నాడు. తోసే అల బలహీనపడుతుంది. పైగా కార్బ్యురేటర్ సెట్టింగ్ పాత పైపుకి చేసినది. పెట్రోల్ పాళ్లు తప్పితే ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. పరుగులో ఉన్న బండికి వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మరి పవర్ పెరిగినట్టు ఎందుకు అనిపిస్తుంది? చెవి మోసం చేస్తుంది. సౌండ్ పెద్దదైతే వేగం పెరిగినట్టు అనిపిస్తుంది. స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే తెలుస్తుంది.

చట్టం సంగతి కూడా ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్ద, కాలుష్య ప్రమాణాలు మీరితే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. మూడు నెలలు లైసెన్స్ కూడా పోతుంది. విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు.

పొగ మిగిల్చిన బిల్లు

ఇంత గొప్ప గొట్టం ఉండి కూడా టూ-స్ట్రోక్ ఎందుకు పోయింది? ఎందుకంటే గొట్టం ఒక వేగం దగ్గరే తలుపు వేస్తుంది. మిగతా టైం అంతా, సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో, దర్వాజా తెరిచే ఉంటుంది. కాలని పెట్రోల్, ఆయిల్ పొగ అలా గల్లీలోకి వస్తుంది. దాన్ని పీల్చేది మనమే, మన ఇంటి ముందు ఆడుకునే పిల్లలే. ఆర్‌ఎక్స్ అభిమానులకి ఈ మాట నచ్చకపోవచ్చు, కానీ నిజం.

కాలుష్య నిబంధనలు బిగుసుకునేకొద్దీ 1996లో ఆర్‌ఎక్స్ 100 ఆగింది. దాని తమ్ముడు ఆర్‌ఎక్స్ 135 కూడా 2005 ప్రాంతంలో పోయింది. నీళ్ల మీద కూడా ఇదే జరిగింది. అమెరికాలోని టాహో సరస్సులో 1999 నుంచి పాత కార్బ్యురేటర్ టూ-స్ట్రోక్ మోటార్లని నిషేధించారు. ఎవిన్‌రూడ్ కంపెనీ చివరిదాకా టూ-స్ట్రోక్‌నే నమ్ముకుంది. ఎగ్జాస్ట్ మూసుకునే దశకి వచ్చాక పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి కొట్టే ఇంజన్లు చేసింది. పొగ బాగా తగ్గింది. అయినా 2020 మే నెలలో ఆ మోటార్ల తయారీ ఆగిపోయింది. 1909 నుంచి లెక్కేస్తే 111 ఏళ్లు.

కాబట్టి మీ ఇంట్లో పాత ఆర్‌ఎక్స్ ఉంటే, దాని సైలెన్సర్‌ని కంపెనీ ఇచ్చినట్టే ఉంచండి. మసి పడితే తీయించండి. మంచి 2టీ ఆయిల్ వాడండి. చివరి గొట్టం మాత్రం పీకకండి. అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు, కానీ ఒక మనిషి పదేళ్ల కొలతలు ఉన్నాయి.

వచ్చే ఎపిసోడ్‌లో మన ఆల్విన్ ఫ్యాక్టరీ గురించి మాట్లాడుకుందాం. బస్సు బాడీల నుంచి వాచీల దాకా ఏమేం చేసిందో, ఎలా మూతపడిందో చూద్దాం. మీ ఇంట్లో పుష్పక్ స్కూటర్ నడిపిన పెద్దవాళ్లుంటే ఈ లోపు వాళ్లని అడిగి పెట్టుకోండి. ఉంటా మరి, నమస్తే.